పడవకి తోడేసిన బండెమ్మ

మైలపల్లి వాళ్ళింట్లో తెలివి ఎంత ఎక్కువంటే, ఎక్కడ ఒలికిపోతుందోనని ఇంటిల్లిపాదీ చెవుల్లో దూది పెట్టుకు తిరిగేవాళ్ళు. కోడలు బండెమ్మకైతే చెవికి రెండేసి ఉండలు పట్టేవి. ఆవిడ మొగుడు గురయ్య పడవకి సరంగు. మరిది కొర్లయ్య చుక్కాని పట్టేవాడు. ఆలోచించే పని మటుకు బండెమ్మది. ఎవరేం చెప్తే అచ్చంగా అదే చెయ్యాలని, మాటకి లేనిపోని అర్థాలు తియ్యబట్టే లోకం ఇలా తగలడిందని ఆవిడ వాదన.

తీరం వెంట ఉన్న రేవులన్నీ చూసి రావాలని ఆ ముగ్గురూ తెరచాప పడవలో బయల్దేరారు. నాలుగు రేవులు చూశారో లేదో వానలు పట్టుకున్నాయి. మామూలు వానలా? చేపలు కూడా చూరు కింద చేరిన వానలు. గంగవాడ రేవులో పడవ కట్టేసి, గురయ్య అక్క సన్నమ్మ ఇంట్లో దిగారు. వాన వెలిశాక పోదామనుకుంటే దసరా వెళ్ళింది, దీపావళీ వెళ్ళింది. సన్నమ్మ అన్నం పెట్టేది గానీ ముద్దకో మాట నంజుకోమనేది. మా తమ్ముడి పెళ్ళానికి పడవ చిన్నది, ఆకలి పెద్దదీ అని వీధంతా వినేట్టు అనేది. ఆ మాటలు తినీ తినీ బండెమ్మ ఒళ్ళు చేసింది కూడాను.

ఓ పొద్దున పడవల పని తెలిసిన ఎల్లాజీ మామ వచ్చాడు. ఆ రేవున్న ఏరు సముద్రంలో కలిసేచోట ఇసక మేటేస్తోందట. ఇవాళ్టి పోటు మీద దాటితే దాటినట్టు, లేదంటే మళ్ళీ వానలదాకా ఇక్కడే. మళ్ళీ వానలదాకా సన్నమ్మ వదిన చేతి అన్నమా? బండెమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి రేవుకి పరిగెత్తింది.

సముద్రం మీద మంచినీళ్ళు దొరకవు, ముందు పడవలో నీళ్ళు నింపుకోండి అని చెప్పి, మామ తాళ్ళు తేవడానికి వెళ్ళాడు. పీపాల్లో అనలేదు, పడవలో అన్నాడు. అంతే. ముగ్గురూ బిందెలు పట్టుకుని బావి మీద పడ్డారు. బావి అడుగున కప్పలు పొడినేల మీద నిలబడి వీళ్ళని తిట్టాయి. పడవ అంచుదాకా నిండింది. ఇంకా కాస్త పడుతుందని గురయ్య చెంబుతో మరో నాలుగు పోశాడు.

మామ తిరిగొచ్చి గుండెలు బాదుకున్నాడు. "ఒరే, మునిగిపోతోందిరా! నీళ్ళు తోడెయ్యండి, తొందరగా తోడెయ్యండి" అని అరిచి, మనుషుల్ని పిలవడానికి పరిగెత్తాడు.

బండెమ్మ ఆలోచనలో పడింది. పాలు తోడెయ్యడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్యే. నీళ్ళు తోడెయ్యడం మటుకు ఎన్నడూ ఎరగదు. సముద్రం వాళ్ళ పద్ధతులు వేరు కామోసు అనుకుని, వదిన ఇంటినుంచి చల్లకుండ పట్రమ్మని మరిదిని పంపింది. కొర్లయ్యకి అన్నగారి ఆజ్ఞ ఒకటుంది, చుక్కాని చేతిలోంచి వదలకూడదని. అందుకని దాన్ని పడవనుంచి ఊడబీకి, తలుపంత చెక్కని భుజాన వేసుకుని వెళ్ళాడు. ఇంకేముంది. లోపలికి పోతుంటే ద్వారబంధం ఊడింది. చల్లెక్కడుందక్కా అని ఇటు తిరిగితే ఉట్టి తెగింది. తప్పైపోయిందని వంగితే పులుసు దాక బోర్లాపడి, ఆ వీధి పిల్లులన్నిటికీ పెళ్ళిభోజనమైంది. చల్లకుండ మటుకు బొట్టు ఒలక్కుండా తెచ్చాడు.

బండెమ్మ చల్లంతా పడవలో పోసింది. మోచేతిదాకా ముంచి కలిపింది. పైన తెరచాప కప్పి, ఇక ఎవరూ కదపొద్దంది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి గట్టు మీద కూర్చున్నారు. అల వచ్చి పడవ ఊగినప్పుడల్లా గురయ్య అలని కసిరాడు.

మామ మనుషుల్ని వెంటేసుకొచ్చి తెరచాప ఎత్తి చూశాడు.

"ఇంకా తోడుకోలేదు మామా," అంది బండెమ్మ నొచ్చుకుంటూ. "మీ ఊరి నీళ్ళు బొత్తిగా పల్చన."

వచ్చినవాళ్ళే బొక్కెనలతో ఎత్తిపోశారు. ఆ పూట రేవులో చేపలన్నీ చల్లన్నం తిన్నట్టు మత్తుగా తేలాయి. ఇంతలో సన్నమ్మ ఊడిన ద్వారబంధం ముక్క చేతపట్టుకుని వచ్చింది. పోండి, పోయి చల్లగా ఉండండి, సాగనంపడానికి మటుకు నన్ను పిలవొద్దు అని చెప్పి విసవిసా వెళ్ళిపోయింది.

మామ తెరచాప ఎత్తి కట్టాడు. పోటు రాగానే లంగరు ఎత్తమన్నాడు. ఒడ్డున నిలబడి చెయ్యి ఊపే మనిషి లేకుండా మా రేవునుంచి పడవ కదలకూడదు, అది మా ఆచారం, మర్చిపోకండి అన్నాడు. ఇక తన వల్ల కాదని, మంచం ఎక్కడానికి ఇంటికి పోయాడు.

ముగ్గురూ పడవెక్కి పోటు కోసం కూర్చున్నారు. బండెమ్మ మాటిమాటికీ అడుగుతోంది, ఎవరికైనా పోటొచ్చిందా అని. గురయ్య నడుం తడుముకున్నాడు, లేదు. కొర్లయ్య తల నొక్కుకున్నాడు, లేదు. చుట్టూ నీళ్ళు మెట్టు మీద మెట్టెక్కి రేవంతా నిండిపోయాయి గానీ, ఒక్కరికీ పోటు రాలేదు. పొద్దు వాలుతోంది. బండెమ్మకి వదిన వడ్డించే చెయ్యి కళ్ళముందు కదిలి, నిజంగానే ఏడుపొచ్చింది. ఏడుస్తూ ఏడుస్తూనే మొగుడి పుచ్చు దవడపన్ను తలుచుకుంది. కొబ్బరికాయంత బెల్లంగడ్డ తీసి, నమలమంది.

గురయ్య నమిలాడు. అంతే. ఆయన పెట్టిన కేకకి రేవులో కాకులు లేచి పక్క జిల్లాలో వాలాయి.

"వచ్చింది వదినా, అన్నకి పోటొచ్చింది" అని కొర్లయ్య గంతులేశాడు.

గురయ్య ఓ చెయ్యి దవడకి ఆన్చి, మూలుగుతూనే లంగరు లాగి నెత్తికెత్తుకున్నాడు. ఎత్తమన్నారు గానీ దించమన్లేదు. కట్టుతాడు విప్పబోతుంటే బండెమ్మ ఆపింది. చెయ్యి ఊపే మనిషేడీ? ఒడ్డంతా ఖాళీ. ఆచారం తప్పితే ఎలా? ఆవిడే ఒడ్డుకి దూకింది. పెళ్ళాన్ని ఒంటరిగా ఒడ్డున వదిలేసి పోయాడంటారని గురయ్య లంగరుతో సహా దిగాడు. ఇంతమంది సాగనంపుతుంటే తానొక్కడే కూర్చోడం మర్యాద కాదని కొర్లయ్య చుక్కాని పట్టుకుని దిగి, తాడు విప్పాడు.

అప్పుడే పోటునీరు వెనక్కి తిరిగింది, ఒడ్డు మీంచి వీచే నేలగాలి తెరచాపలో నిండింది. పడవ హుందాగా కదిలింది. ముగ్గురూ చేతులు నొప్పెట్టేలా ఊపారు. ఇసకమేట దాటి పడవ సముద్రంలో చిన్న చుక్కయ్యేసరికి బండెమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మొత్తానికి గంగవాడ వదిలేశాం అంది. ఈ కబురు వదినకి చెప్పకపోతే బావుండదని ముగ్గురూ ఊళ్ళోకి నడిచారు.

సన్నమ్మ గుమ్మంలో నిలబడి, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని చూసింది.

"వెళ్ళలేదూ మీరు?"

"ఎప్పుడో వెళ్ళిపోయాం వదినా. మా కోసం వండకు."

సన్నమ్మ గోడకి చేరగిలబడిపోయి, మరి మళ్ళీ ఎప్పుడొస్తారమ్మా అని నీరసంగా అడిగింది.

"మా చేతుల్లో ఏముంది, పడవ రావాలిగా" అంది బండెమ్మ, అరుగు మీద ముగ్గురికీ చాప పరుస్తూ.