తలుపు దాకా వచ్చిన కథ

ఖాసిం మాట్లాడటం మొదలుపెడితే కొండకింది దర్గా ముంగిట్లో చీమ చిటుక్కుమన్నా వినబడేది. గురువారం సాయంత్రం అయిందంటే ఊరి జనం మగ్గాలు ఆపేసి మరీ వచ్చేవాళ్లు. విని ఏడ్చేవాళ్లు. అతని చేతులు కళ్లకద్దుకొని ఇళ్లకు పోయేవాళ్లు. తెల్లారితే మళ్లీ ఎవరి పోట్లాటలు వాళ్లవే.

ఖాసింకి ఇది కొరుకుడుపడేది కాదు. ముఖ్యంగా నేతపని చేసే చెన్నప్ప సంగతి. విడిపోయిన అన్నదమ్ములు కలుసుకునే కథ చెప్పినప్పుడల్లా అందరికంటే ఎక్కువ వెక్కివెక్కి ఏడ్చేది అతనే. మగ్గాల కొట్టం పంచుకునేటప్పుడు మాటా మాటా పెరిగి తమ్ముడు ఓబులేసుతో తెగతెంపులు చేసుకున్నదీ, కూతురి పెళ్లికి కూడా పిలవనిదీ అతనే. తమ్ముడి ఇల్లు ఎంతో దూరం కాదు, పక్క వీధే.

ఉండబట్టలేక ఖాసిం తన గురువు ఇమాం షావలిని అడిగేశాడు.

"నా మాటల్లో ఏం తక్కువైంది బాబా?"

ముసలాయన చెనిక్కాయలు ఒలుచుకుంటున్నాడు. "తక్కువేం లేదురా. ఈ వారం కూడా ఆ అన్నదమ్ముల కథే చెప్పు. నేనొచ్చి పక్కన కూచుంటా."

గురువు వింటున్నాడన్న హుషారులో ఆ గురువారం ఖాసిం చెలరేగిపోయాడు. కథలో అన్న తన పంతం దిగమింగుకొని తమ్ముడి వాకిట్లోకి వచ్చాడు. తలుపు తట్టాలని చెయ్యెత్తాడు. జనం కళ్లు అప్పుడే చెమ్మగిల్లుతున్నాయి. అసలు ఘట్టం ముందుంది. ఖాసిం గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

గురువు అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ పొద్దుకు చాలు. ఇండ్లకు పోండి నాయనా."

ఖాసింకి తల కొట్టేసినట్టయింది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఏడ్చినవాళ్లు లేరు, చేతులు కళ్లకద్దుకున్నవాళ్లు లేరు.

"మరి తమ్ముడు తలుపు తీసినాడా స్వామీ?" అన్నాడు చెన్నప్ప.

"ఇంకా తెలీలేదు నాయనా," అన్నాడు గురువు.

చెన్నప్ప కండువా భుజాన వేసుకొని గబగబా బయటికి నడిచాడు. పోయింది తన ఇంటివైపు కాదు. ఖాసింకి అవమానం కంటే ఆరాటం ఎక్కువైంది. చెప్పులు కూడా వేసుకోకుండా వెనకాలే పోయాడు.

మలుపులో ఆగి చూస్తే చెన్నప్ప తమ్ముడి వాకిట్లో ఉన్నాడు. చెయ్యెత్తాడు, దించాడు. మళ్లీ ఎత్తాడు. ఖాసింకి కంఠతా వచ్చిన కథే, అయినా తర్వాత ఏమవుతుందో నిజంగా తెలియదు.

తలుపు తెరుచుకుంది. ఓబులేసు గడప మీదికి వచ్చాడు.

"ఇప్పుడా వచ్చేది?" అన్నాడు. "రా, సంగటి వేడిగా ఉంది."

అంతే. ఖాసిం కథలోనైతే ఇద్దరూ కావలించుకొని, దేవుణ్ణి తలుచుకొని, ఎన్నో గొప్ప మాటలు చెప్పుకొనేవాళ్లు. ఇక్కడ చెన్నప్ప తల వంచుకొని లోపలికి పోయాడు. ఖాసింకి మాత్రం కళ్లనీళ్లు ఆగలేదు.

తిరిగొచ్చేసరికి గురువు ముంగిట్లో చాప చుడుతున్నాడు.

"తలుపు తీసినాడు బాబా," అన్నాడు ఖాసిం. "ఈ కథ ఎన్నిమార్లు చెప్పినాను! ఇన్నాళ్లూ చెన్నప్ప ఎందుకు పోలేదు?"

"ఎట్ల పోతాడురా? వారం వారం అతని బదులు నువ్వే పోయొస్తుంటివి కదా."