దడిసిన చైను

మోటారు బిగించిన దొర సైకిలు మళ్లీ చైను పట్టేసి ఆగిపోయింది. కమ్మరి నాగలింగం విప్పి చూస్తే, చైను నిండా జరీ పోగులు. అవి దొర భుజం మీంచి వేలాడే కండువావే! ఆ మాట పైకి అన్న పాత మిస్త్రీని దొర ఊళ్లోంచే వెళ్లగొట్టాడు.

“ఇంకోసారి పట్టేసిందా, నీ కొలిమి పీకించేస్తా. పట్టెయ్యకపోతే ఏం కావాలో కోరుకో” అన్నాడు దొర.

నాగలింగం చేతులు జోడించాడు. “తమరి కండువా చాలు దొరా. ఇప్పుడే ఇప్పించండి, పట్టేస్తే కొలిమితో పాటు తిరిగిచ్చేస్తా. అయితే తమరి భుజం బోసిగా ఉంటేనే, నాకిచ్చారని ఊరు నమ్ముతుంది.”

దొర మురిసిపోయి కండువా విసిరాడు.

చైను మళ్లీ పట్టెయ్యలేదు. “నా బెదిరింపుకు ఇనుము కూడా దడిసింది” అని దొర ఊరంతా చెప్పుకున్నాడు.

చలికాలం వస్తోందంటే మాత్రం, దొర ఎక్కడ శాలువా కప్పుకుని సైకిలెక్కుతాడోనని నాగలింగానికి నిద్ర పట్టేది కాదు.