పొలిమేర రాతికి చెప్పిన కబుర్లు

మా అవ్వకు వాళ్లవ్వ చెప్పింది, నేను మీకు చెబుతున్నా. ఊళ్లకు రాళ్లే హద్దులైన కాలంలో, ఇప్పలకోటలో బక్కయ్య అనే తలారి ఉండేవాడు. పొలిమేర కాయడం ఆయన పని. పెళ్లాం లేదు, పిల్లలు లేరు. ఊరే ఇల్లు.

ఒక ఏడు ఊరిపెద్ద పొలిమేర రాయిని పీకించి, పక్కనున్న గుట్టపల్లి చేలల్లో పాతించాడు. తగవు పడింది. తీర్పరులు బక్కయ్యను పిలిచారు.

"ప్రమాణంగా నెత్తిన మట్టి పెట్టుకుని నడువు. నువ్వు నడిచిందే హద్దు" అన్నారు.

బక్కయ్య నడిచాడు. కొత్త రాయి వైపు తిరగమని ఊరిపెద్ద దగ్గాడు. తిరగలేదు. మళ్లీ దగ్గాడు. తిరగలేదు. మూడోసారి దగ్గేసరికి బక్కయ్య ఆగాడు.

"ఇక్కడ తవ్వండయ్యా."

తవ్వితే, తాతల నాడు రాయి కింద గుర్తుగా పోసిన బొగ్గులు బయటపడ్డాయి.

రాయి ఇవతలికి వచ్చింది. బక్కయ్య అవతలికి పోయాడు. ఊరిపెద్ద డప్పు వేయించాడు: "బక్కయ్యకు నిప్పు లేదు, నీళ్లు లేవు, మాట లేదు. రాయి దాటి వస్తే తల ఉండదు!"

బక్కయ్య గుట్టపల్లికి పోయాడు. "నీ మేలు మరవం బక్కయ్యా. కానీ సొంత ఊరి మీదే చెప్పావు, రేపు మా మీద చెప్పవా?" అని తలుపులేసుకున్నారు.

ఇక రాయి అవతలే ఆకుల గుడిసె వేసుకున్నాడు. వాగు నీళ్లు తాగాడు. గడ్డలు తవ్వుకు తిన్నాడు. దారిన పోయేవాళ్లను అడిగేవాడు.

"అన్నా, వాన పడిందా?" పలకలేదు.

"అక్కా, కోతలయ్యాయా?" పలకలేదు.

"పిల్లా, మీ అమ్మ బాగుందా?" పలకలేదు.

కొన్నాళ్లకు అడగడం మానేశాడు.

ఒకనాడు కుండలమ్మే చంద్రవ్వ తట్ట దించి రాయి ముందు కూర్చుంది. బక్కయ్య వైపు చూడలేదు.

"రాయీ, విను. వాన బాగా పడింది. మల్లవ్వకు కొడుకు పుట్టాడు. ముసలి పోచయ్య పోయాడు."

రాయితో మాట్లాడొద్దని ఎవరూ చాటలేదు కదా! అవతల బక్కయ్య మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు.

ఆమె ఒక్కతే. సంతకు పోయినప్పుడల్లా చెప్పేది.

మూడో ఎండాకాలం. చంద్రవ్వ కబురంతా చెప్పింది. అవతల అలికిడి లేదు. లేచి చూస్తే ప్రాణం లేదు. ఆమె ఊళ్లోకి పోయి, నలుగురి మధ్య నిలబడింది.

"చచ్చినవాడితోనైనా మాట్లాడొచ్చా, అయ్యలారా?"

ఒక్కొక్కరే తల దించుకుని లేచి నడిచారు. బక్కయ్యను మోసుకొచ్చి, రాయికి ఇవతల పూడ్చారు.

ఇప్పటికీ ఇప్పలకోట దాటి పోయేవాళ్లు అక్కడ ఆగుతారు. చేను పండిందనో, బిడ్డ పుట్టిందనో, గేదె తప్పిపోయిందనో ఒక కబురు చెప్పి కదులుతారు. తొందరలో మరిచిపోతే, సగం దారి నుంచైనా వెనక్కి వస్తారు.