పాచమ్మ మడిచిన విస్తరి

ఒకప్పుడు పాచి లోతైన మడుగుల్లోనే ఉండేది. ఎండాకాలం దాని ఒళ్ళు కాలేది కాదు, చలికాలం వణికేది కాదు. అదంతా మడుగులో ఉండే నీళ్ళవ్వ చలవే. కానీ ఉన్న సుఖం ఎవరి కంటికి ఆనుతుంది?

పాచమ్మకు ఒకటే దిగులు. బోలెడంతమంది పిల్లల్ని కని మడుగంతా పచ్చగా నింపాలని ఆమె ఆశ. పిల్లల తిండేమో వెలుతురు. అది అడుగుకు చేరేసరికి చారెడైనా మిగిలేది కాదు.

"అవ్వా, ఆకాశంలోంచి సూరయ్య తాత వెలుతురు వడ్డిస్తుంటే మధ్యలో నువ్వు అడ్డం. కాస్త తప్పుకోరాదూ?" అంది పాచమ్మ.

"అడ్డమే తల్లీ. వెలుతురుకూ అడ్డమే, వేడికీ చలికీ అడ్డమే" అంది నీళ్ళవ్వ.

పాచమ్మ మొదటి మాటే విన్నది. రోజూ పోరు పెట్టింది. నీళ్ళవ్వ విసిగిపోయి, పాచమ్మనూ పిల్లల్నీ వెంటబెట్టుకుని చదును నేల మీదికి పారి, చీలమండ లోతున పరుచుకుంది.

పొద్దున్నే సూరయ్య వడ్డన మొదలుపెట్టాడు. పిల్లలు తెగ తిన్నారు, తెగ పెరిగారు.

"చూశావా నా తెలివి!" అని పాచమ్మ గట్టు మీది నత్త దగ్గర గొప్పలు పోయింది.

మధ్యాహ్నమైంది. నీళ్ళు వేడెక్కిపోయాయి. సూరయ్య మాత్రం కొసరి కొసరి వడ్డిస్తూనే ఉన్నాడు. పిల్లలు వెలవెలబోయి ఒక్కొక్కరే అడుక్కి జారిపోతున్నారు.

"చాలు తాతా, చచ్చిపోతున్నారు!" అని పాచమ్మ ఏడ్చింది.

"మొహమాటపడకమ్మా, ఇంకాస్త!" అన్నాడు సూరయ్య. పాపం, ఆయనకు మర్యాద ఎక్కువ.

"విస్తరి మడవందే వడ్డించేవాడు ఆగుతాడటే?" అంది నత్త, గుల్లలోంచి తల బయట పెట్టకుండా.

"నాకు ఆకే లేదే! అవ్వా, మళ్ళీ లోతుగా మారవూ?"

"చదును నేల మీద పరుచుకున్నదాన్ని, లోతు ఎక్కణ్ణుంచి తేను తల్లీ?"

ఇక పాచమ్మ ఎవర్నీ అడగలేదు. పైకి తేలి, ఒళ్ళంతా పరిచి, పిల్లల మీద తనే మడిచిన విస్తరిలా పడుకుంది. వీపు కాలింది. పచ్చదనమంతా పోయింది. అయినా కదల్లేదు.

"ఆహా, తృప్తిగా తిన్నారన్నమాట!" అని సూరయ్య మురిసిపోతూ పడమటికి వెళ్ళాడు. ఆ రాత్రి చలిలో పిల్లలకు ఆమే దుప్పటి అయింది.

"అవ్వను తప్పుకోమన్నావు. ఇప్పుడు నువ్వే అడ్డం కదే!" అంది నత్త.

"అడ్డమే" అంది పాచమ్మ, నీరసంగా.

అప్పటినుంచే, లోతులేని మడుగులో ఎండ ముదిరితే నీళ్ళ మీద వెలిసిపోయిన తెట్టు కడుతుంది. వేలితో కాస్త పక్కకు జరిపి చూడండి, కింద పిల్లలు పచ్చగా ఉంటారు. చూశాక మళ్ళీ కప్పెయ్యండి.