పడుకున్న లిల్లీ

చలి ముదిరేసరికి దస్తగిరికి దిగులు పట్టుకుంది.

కొండమీద ఫకీర్లుండే తకియాలో పూలమొక్కల పని అతనిదే. గులాబీలు, చామంతులు బాగానే ఉన్నాయి. బెంగంతా మే లిల్లీ మీదే. ఎండాకాలంలో బంతంత ఎర్రపువ్వు పూసే ఆ మొక్కకు ఆకులన్నీ పసుపెక్కి రాలిపోయాయి. కుండీలో ఉత్త మట్టి మిగిలింది.

అదంటే తకియా పెద్ద నూరుద్దీన్ బాబాకు ప్రాణం. ఆయన గురువు పోతూ పోతూ చేతిలో పెట్టిన దుంప అది.

"లిల్లీ పోయింది బాబా," అన్నాడు దస్తగిరి, ముఖం వేలాడేసుకుని.

"పోలేదు, పడుకుంది. వెచ్చబడేదాకా నీళ్లు పొయ్యకు, ముట్టుకోకు. దానికి అదే సేవ."

దస్తగిరి తలూపాడు. కానీ ముట్టుకోకుండా చేసేది సేవ ఎలా అవుతుందో అతనికి అంతుపట్టలేదు. మర్నాడు పొద్దున్నే మెల్లగా మట్టి తవ్వి, దుంప తీసి చూశాడు. గట్టిగానే ఉంది. మళ్లీ పాతి, మనసు ఊరుకోక చెంబెడు నీళ్లు పోశాడు. ఇక రోజూ అదే పని. లోపల పచ్చి ఉందో లేదోనని గోటితో గిల్లి కూడా చూసేవాడు.

కొన్నాళ్లకు దుంప ఒకపక్క మెత్తబడింది. దాంతో అతని కంగారు పెరిగింది, తవ్వడమూ పెరిగింది.

బాబా చూశారు.

ఆ మధ్యాహ్నం దస్తగిరి సంగటి తిని, కంబళి ముసుగుతన్ని పడుకున్నాడు. కునుకు పట్టిందో లేదో, ముసుగు లేచింది. బాబా అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, "ఉన్నాడు," అనుకుంటూ ముసుగు కప్పి వెళ్లిపోయారు.

మళ్లీ కునుకు పట్టింది. మళ్లీ ముసుగు లేచింది. ఈసారి బాబా బుగ్గ గిల్లి చూశారు. "పచ్చిగానే ఉన్నాడు."

మూడోసారి వచ్చినప్పుడు ఆయన చేతిలో చెంబెడు చన్నీళ్లు ఉన్నాయి.

దస్తగిరి లేచి కూర్చుని, కంబళిని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

"బాబా, మీకు పుణ్యముంటుంది. బతికే ఉన్నాను. నన్ను కాస్త పడుకోనివ్వండి."

"నోరుంది కాబట్టి నువ్వు బతికిపోయావు," అన్నారు బాబా, చెంబు కింద పెడుతూ.

సాయంత్రం ఇద్దరూ కూర్చుని దుంపలో కుళ్లినంత మేర కోసేశారు. కోతకు బూడిద అద్ది, పొడిమట్టిలో పెట్టారు.

ఆ చలికాలమంతా, కుండీ పక్కగా వెళ్లాల్సి వస్తే దస్తగిరి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు.