బంతి కూర్చోక ముందు

అంకమ్మ దర్గా ముందు చెప్పులు విడిచింది గానీ, లోపలికి పోలేదు. మెట్టు మీదే కూలబడింది.

గౌస్ తాత లోపల్నించి చూశాడు. దర్గాకి పెద్ద ఆయనే. తల్లి ఉప్పుమళ్ళలో పనికిపోతూ చంటిపిల్లని ఆయన దగ్గర వదిలిపోయిన నాటి నుంచీ అంకమ్మకి గురువన్నా, పెద్దదిక్కన్నా గౌస్ తాతే. మాట తక్కువ మనిషి. ఏదడిగినా జవాబు చెప్పడు, చేతికో పని అప్పజెప్తాడు.

"ఏంది బేటీ, మొహం అట్టా పెట్టావ్?"

"నావల్ల కాదు తాతా. రేపు మూడింటిలోపు నామినేషన్ వెనక్కి తీసేసుకుంటా."

ఊళ్ళో ప్రెసిడెంటు ఎన్నికలు. చుట్టూ ఉప్పునేల, బావి నీళ్ళూ ఉప్పే. మంచినీళ్ళ గొట్టం మెయిన్ రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకాగిందో అడిగిన నాథుడు లేడు. రోజూ ఆ రోడ్డు దాకా పోయి బిందెలు మోసుకురాలేక ఆడవాళ్ళ నడుములు విరిగిపోతున్నాయి. ఆ గొట్టాన్ని ఊళ్ళోకి తెస్తానని అంకమ్మ నిలబడింది.

మరి ఎదుట ఎవరనుకున్నారు? చెంచురామయ్య! రెండుసార్లు ప్రెసిడెంటు. బస్‌షెల్టర్ మీద ఆయన పేరు. వాటర్ ట్యాంకు మీద ఆయన పేరు. ట్యాంకులో చుక్క నీళ్ళు లేవు, అది వేరే సంగతి. ఆఖరికి శ్మశానం గేటు మీదా ఆయన పేరే. చచ్చినా ఆ పేరు తప్పేది కాదు.

నిన్న కేబుల్ టీవీ వాళ్ళు సర్వే అంటూ గడపగడపా తిరిగారు. ప్రచారం ఇంకా మొదలే కాలేదు, అయినా వాళ్ళకి ఆత్రం ఆగదు కదా! సాయంత్రానికి టీవీలో చెప్పేశారు. చెంచురామయ్యకి నూటికి డెబ్భై, అంకమ్మకి ఏడు.

"ఏడు తాతా! మా వీధోళ్ళు కూడా నా పేరెత్తలేదు. ఊరంతా ఒక మాట మీదుంటే నేనెందుకు నవ్వులపాలు కావాలి?" అంకమ్మ కళ్ళు తుడుచుకుంది.

తాత ఊరుకోబెట్టలేదు. ఆ రోజు గురువారం. ఫాతెహా చదివాక దర్గాలో అందరికీ భోజనాలు. జనం అప్పుడే వచ్చి చాపల మీద కూర్చుంటున్నారు. వంటగిన్నెల మీద మూతలింకా తియ్యలేదు.

"పోయి ఒక్కొక్కరినీ అడుగు. ఈరోజు వంటల్లో ఏది బాగుందో చెప్పమను," అన్నాడు తాత.

"తినకుండా ఏం చెప్తారు తాతా?"

"చెప్తార్లే. అడుగు."

అడిగింది. ఒక్కరైనా 'తెలీదు' అంటారేమోనని చూసింది. అబ్బే! అందరూ ఠక్కున చెప్పేశారు.

"బిర్యానీ."

"బిర్యానీయేగా, ఇంకేముంటది?"

"దర్గా బిర్యానీకి వంకెవడు పెడతాడమ్మా!" అన్నాడు లాలయ్య బాబాయ్, మీసం దువ్వుకుంటూ.

అంకమ్మ తిరిగొచ్చి చెప్పింది. తాత తలూపి, గిన్నెల మీద మూతలు తియ్యమన్నాడు.

మొదటి గిన్నెలో తెల్లన్నం. రెండోదాంట్లో ఇలకూర పప్పు. ఉప్పుమళ్ళ గట్ల మీద దానంతటదే మొలిచే ఆకు అది, కొనేవాడూ లేడు, అమ్మేవాడూ లేడు. మూడోదాంట్లో మీఠా, నెయ్యి తేలే తీపి అన్నం.

బిర్యానీ లేదు. అసలు వండనేలేదు.

అంకమ్మ నోరు తెరుచుకుని తాత వంక చూసింది. ఆయన ఏమీ ఎరగనట్టు గరిట ఆమె చేతికిచ్చాడు. బంతి పొడవునా ఆమే వడ్డించింది. పప్పు మారు అడిగినవాళ్ళే మళ్ళీ మళ్ళీ అడిగారు. లాలయ్య బాబాయ్ అయితే అన్నం తోసేసి ఉత్త పప్పే నాకేశాడు.

"ఇప్పుడడుగు," అన్నాడు తాత.

ఒకరిద్దరు మీఠా అన్నారు. మిగతా అందరిదీ ఒకటే మాట, ఇలకూర పప్పు.

"ఇందాక బిర్యానీ అన్నావు గదా బాబాయ్?" అంకమ్మ నిలదీసింది.

"ఇందాక నా ముందేముందే, ఖాళీ విస్తరి! నోటికి అలవాటైన పేరొకటి చెప్పా. ఇప్పుడు తిని చెప్తున్నా!" కసిరాడు లాలయ్య.

అంకమ్మ గరిట పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. తర్వాత ఎంగిలి విస్తళ్ళు తీసింది, గిన్నెలు తోమింది, ఇంటికి పోయింది.

మర్నాడు మూడు దాటింది. ఆమె నామినేషన్ అట్టాగే ఉంది.

ఆ మరుసటి రోజు నుంచి గడపగడపా ఎక్కింది. ఉపన్యాసం లేదు, దండం లేదు. "దాహమేస్తోంది, కాసిని బావి నీళ్ళియ్యండి" అనేది. వాళ్ళు సిగ్గుపడుతూ ఇచ్చేవాళ్ళు. ఆ ఉప్పునీళ్ళు గటగటా తాగి, గ్లాసు కింద పెట్టి, "రోడ్డు మీద ఆగిన గొట్టం ఇక్కడికెంత దూరం వదినా?" అనడిగేది. మొదట్లో నవ్వారు. రాను రాను ఆమె వెనకాల ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో నడవడం మొదలెట్టారు. చెంచురామయ్య మాత్రం టీవీలో వచ్చిన డెబ్భై చూసుకుని గడప దాటలేదు.

కౌంటింగ్ రోజు కట్టలు విప్పుతుంటే అంకమ్మ పేరే, అంకమ్మ పేరే! గెలిచింది. మామూలుగానా? చెంచురామయ్య సొంత వీధిలో కూడా ఆమెకే మెజారిటీ వచ్చింది! తప్పెట్లు మోగాయి, రంగులు ఎగిరాయి, ఆడవాళ్ళు బిందెలు బోర్లించి దరువేశారు. అంకమ్మ మెడలో దండతో, ఒళ్ళంతా గులాలుతో దర్గాకి పరిగెత్తుకొచ్చింది.

"గెలిచాను తాతా! నేను గెలుస్తానని నీకు ఆరోజే తెలుసు కదూ?"

"నాకేం తెలుసు బేటీ? ఆరోజు పప్పు నేనూ రుచి చూడలేదు."

ఆమె పకపకా నవ్వింది. అంతలో కేబుల్ టీవీ కుర్రాడు మైకు పట్టుకుని లోపలికి దూసుకొచ్చాడు.

"మేడమ్, మేడమ్! ఇప్పుడే సర్వే చేశాం. వచ్చేసారి కూడా మీరేనంట! నూటికి తొంభై!"

అంకమ్మ మొహం వెలిగిపోయింది. తాత వైపు తిరిగింది.

గౌస్ తాత లేచి వంటింట్లోకి పోయాడు. గరిట తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"బంతి ఇప్పుడే కూర్చుంది," అన్నాడు.

అంకమ్మ నవ్వు ఆపి గరిట వంక చూసింది. మెడలో దండ తీసి తాత పాదాల దగ్గర పెట్టి, బయటికి నడిచింది.

ఊరేగింపు ఆమె ఇంటికి పోలేదు. తప్పెట్లతో, బిందెలతో, గరిట ఎత్తి పట్టుకున్న ప్రెసిడెంటు వెనకాల, తిన్నగా రోడ్డు మీద ఆగిపోయిన గొట్టం దగ్గరికి పోయింది.