విప్పడం రాని జడ

రాజాంలో హేమలత అనే అమ్మాయి ఉండేది. కంప్యూటరు ప్రోగ్రాములు రాయడంలో దిట్టే గాని, నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడిగేది కాదు. బస్సు ఎక్కడ ఆగుతుందో అడగకుండా, తప్పు చోట దిగి మైలు దూరం నడిచి వచ్చిన రోజులున్నాయి.

ఆమె వీధిలో పద్నాలుగు మంది ఆడవాళ్లు జడకోలాటం నేర్చుకుంటున్నారు. పైనుంచి వేలాడే రంగుల తాళ్లను ఒక చేత్తో, కోలను మరో చేత్తో పట్టుకుని, ఒకరినొకరు దాటుకుంటూ ఆడితే తాళ్లు జడలా అల్లుకుంటాయి. ఆ తర్వాత ఆడుతూనే జడ విప్పాలి. విప్పలేని జట్టును పోటీలో లెక్కలోకే తీసుకోరు. ఆదివారమే బొబ్బిలిలో పోటీ. వీళ్లకు అల్లడం వచ్చింది, విప్పడం రాలేదు.

శ్రీకాకుళం దగ్గర ఉండే అప్పలస్వామి అనే పెద్ద కోలాటం గురువు పాఠాలు వీడియోలుగా ఒక వెబ్‌సైటులో ఉన్నాయి. దాన్ని ఆయన మనవరాలు నడిపేది. ఆ సైటు ఆడవాళ్ల పాత ఫోన్లలో తెరుచుకోలేదు. ఆ పని తనకు వదిలెయ్యమంది హేమలత. పేజీ వెనక దాగి ఉన్న అసలు వీడియో ఫైళ్ల చిరునామాలను వెతికి పట్టే ప్రోగ్రాము రాసి, శుక్రవారం సాయంత్రానికి పదకొండు లింకులు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మొదటిది నొక్కగానే వీడియో చక్కగా ఆడింది. అందరూ మెచ్చుకున్నారు. జట్టు పెద్ద రవణమ్మ ఒక్కతే, గురువుగారికి ఒక మాట చెప్పావా అని అడిగింది.

"దారి దొరికాక అడిగేదేముంది అత్తా?" అంది హేమలత.

శనివారం మధ్యాహ్నం సామాజిక భవనంలో సాధన మొదలైంది. జడ అందంగా అల్లుకుంది. ఇక విప్పడం చూద్దామని లింకు నొక్కితే తెరుచుకోలేదు. పదకొండులో ఒక్కటీ తెరుచుకోలేదు. ఆ సైటు ఫైళ్ల చిరునామాలను గంటకోసారి మారుస్తుంది. ఆ సంగతి హేమలత చూసుకోలేదు. లాప్‌టాప్ తెరిచి ప్రోగ్రాము మళ్లీ నడిపింది. ఈసారి సైటు ఆమెను మొదటి పేజీ దాటి లోపలికి రానివ్వలేదు.

తాడు వదిలితే జడ చిక్కుపడుతుంది. అల్లిన కొద్దీ తాళ్లు పొట్టివై, పద్నాలుగు మందీ భుజాలు రాసుకుంటూ ఒకే చోట ఇరుక్కున్నారు. ఒకామె తలలోని పూలు ఇంకొకామె ముక్కులో గుచ్చుకుంటున్నాయి. ఒకామెకు తుమ్ము వచ్చింది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"మమ్మల్నిలా కట్టేసి ఆ పెట్టెతో ఏటి చేస్తున్నావే?" అంది రవణమ్మ. "ఆయన్నే అడుగు. అడిగితే నోట్లోంచి ముత్యాలేమీ రాలిపోవు."

గురువుగారి ఫోను నంబరు సైటు మొదటి పేజీలోనే, ఆయన ఫొటో కింద ఉంది. హేమలత రెండుసార్లు నంబరు నొక్కి, మోగకముందే ఆపేసింది. మూడోసారి గంట మోగనిచ్చింది. చేసిందంతా, జడ విప్పలేక ఇరుక్కున్న సంగతీ దాచకుండా చెప్పి, తప్పయిందంది.

అవతల గురువుగారి నవ్వు వినిపించింది.

"నిన్నటి నుంచి మా సైటు గోడ గోకుతున్నది నువ్వేనా? మా మనవరాలు ఎవరో దొంగలనుకుని తలుపేసింది. సరే, మీవి ఎన్ని తాళ్లు?"

"పద్నాలుగు, తాతగారూ."

"నా వీడియో పదహారు తాళ్లది. అది చూసి విప్పితే ఇంకా బిగుసుకుపోదురు. అందుకే సైటులో నా ఫోను నంబరు పెట్టాను. తాళ్లు ఎన్నో తెలీకుండా విప్పడం ఎలా చెప్పేది? ఫోను అందరికీ వినపడేలా పెట్టు."

ఆయన అటునుంచి తాళం వేస్తూ, ముందెవరు కదలాలో, ఎవరు ఎవరి కిందనుంచి దూరాలో ఒక్కొక్కరికీ చెప్పారు. అరగంటలో పద్నాలుగు తాళ్లూ విడివిడిగా వేలాడాయి. తుమ్ము వచ్చినావిడ అందరికన్నా ముందు ముక్కు తుడుచుకుంది. ఆ తర్వాత అందరూ నవ్వారు. సాయంత్రంలోగా ఇంకో ఐదుసార్లు అల్లి విప్పారు.

ఆదివారం బొబ్బిలిలో ఆ జట్టుకు రెండో బహుమతి వచ్చింది. గురువుగారు బస్సెక్కి వచ్చి, ముందు వరసలో కూర్చుని, మోకాలి మీద తాళం వేస్తూ చూశారు. హేమలత వెళ్లి ఆయన పక్కన నిలబడింది.

"తాతగారూ, మీ సైటు పాత ఫోన్లలో కూడా తెరుచుకునేలా నేను సరిచెయ్యొచ్చా?"

"మా మనవరాలికి నీ సంగతి చెప్పాను, ఎదురు చూస్తోంది. ముందు కూర్చో, మీవాళ్లు మళ్లీ ఆడుతున్నారు" అన్నారాయన.

దొడ్డిదారిన ఫైలు దొరకవచ్చు గాని విద్య దొరకదు. విద్య కావలసినవారు ముందుగా దాన్ని నేర్పేవారిని అడగాలి.